శాటర్న్ కార్లు నడిపినవాళ్ళు ఒకసారి ఇటు రండి: మా 1997 ఎస్ఎల్1 ఏం చేయమంటారు?

కృష్ణఒడ్డు (కొలంబస్, ఒహాయో) – మార్చి 4, ఉదయం 9:10

మా గరాజులో 1997 శాటర్న్ ఎస్ఎల్1 ఉంది. అయిదు గేర్ల మాన్యువల్, ముదురాకుపచ్చ రంగు, 1,61,000 మైళ్ళు తిరిగింది. కొత్తప్పుడు నేనే కొన్నాను, ఇంకొకరి చేతికి వెళ్ళలేదు. రెండేళ్ళుగా నెలకోసారి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పి తెచ్చి పెడుతున్నాను. మా అమ్మాయికి పదిహేడు. ఆగస్టులో సిన్సినాటిలో కాలేజీకి వెళ్తుంది. "నాన్నా, ఆ పచ్చ బండి నాకిచ్చెయ్" అంటోంది. వాళ్ళమ్మ ససేమిరా అంటోంది. పక్క వీధి ఆయన వెయ్యి డాలర్లిస్తానని ఇప్పటికి రెండుసార్లు అడిగాడు.

ఎందుకు అమ్మలేకపోతున్నానో చెప్తాను. 1997 సెప్టెంబరు నాటికి నేనీ దేశం వచ్చి పది నెలలు. కారు కొందామని ముందు వేరే రెండు షోరూములకి వెళ్ళాను. ఒకచోట మూడు గంటలు కూర్చోబెట్టారు. "మేనేజర్ని అడిగొస్తా" అని లోపలికి పోవడం, ఇంకో కాగితం పట్టుకురావడం, ప్రతి కాగితం మీదా కొత్త అంకె. సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఎద్దులకి బేరమాడేవాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. శాటర్న్ వాళ్ళ దగ్గర కారు అద్దం మీద ధర రాసి ఉంది. నాకైనా, నా వెనకాల నిలబడ్డ తెల్లాయనకైనా అదే ధర. తాళాలిచ్చే రోజు షోరూములో ఉన్నవాళ్ళందరూ పనులాపుకుని వచ్చి, చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి, ఫోటో తీసిచ్చారు. ఆ ఊళ్ళో నాకంటూ ఎవరూ లేని రోజులవి. ఆ ఫోటో ఇంటికి పంపితే మా నాన్నగారు ఫ్రేము కట్టించి దేవుడి గదిలో పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొన్న మా అమ్మాయి "అంత మంచి కంపెనీ అయితే మరి ఎందుకు పోయింది?" అని అడిగింది. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలమూరు_పిలగాడు (డెట్రాయిట్ దగ్గర) – మార్చి 4, ఉదయం 10:02

అన్నా, నేను ఇరవై ఏండ్ల సంది కార్ల కంపెనీలకు సామాను ఇచ్చే ఫ్యాక్టరీలల్ల పని చేస్తున్న. నాకు తెలిసింది చెప్త.

శాటర్న్ జనరల్ మోటార్స్ బిడ్డ. జపానోళ్ళ చిన్న కార్లు అమెరికా బజారును గుంజుకుంటున్నప్పుడు, అప్పటి ఛైర్మన్ రోజర్ స్మిత్ 1983ల ఈ ప్రాజెక్టు సంగతి బయటపెట్టిండు. 1985 జనవరిల వేరే కంపెనీ లెక్క పెట్టిన్రు. మనుషులను చంద్రుని దాక తీస్కపోయిన రాకెట్ పేరు పెట్టుకున్నరు. కారు కొత్తది, ఇంజను కొత్తది, ఫ్యాక్టరీ కొత్తది, అమ్మే పద్ధతి కొత్తది. పాత కంపెనీ నీడ పడకుండ అన్ని మొదటి నుంచి చెయ్యాలె అన్నది ఆలోచన.

మొదటి కారు 1990 జూలై 30న టెనెసీల స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. స్మిత్, కార్మిక సంఘం అధ్యక్షుడు ఓవెన్ బీబర్ ఇద్దరు కలిసి దాన్ని లైను మీదికెళ్ళి బయటికి తెచ్చిన్రు. తెల్లారి స్మిత్ రిటైర్ అయిండు. మీ బిడ్డ అడిగిన దానికి నా జవాబు ఆ తెల్లారి కాడనే మొదలైతది. ఇంటి పెద్దదిక్కు పోయినంక ఆ పిల్లను సాకెటోళ్ళు లేకుండ అయిన్రు. మిగిలింది రాత్రి డ్యూటీ దిగినంక రాస్త.

నల్లమల (షార్లెట్) – మార్చి 4, ఉదయం 11:15

ముందు బండి సంగతి. నా దగ్గర 1995 ఎస్ఎల్2 ఉండేది, రెండు క్యామ్‌షాఫ్ట్‌లది (అంటే ఇంజను వాల్వులు తెరిచే ఇరుసులు), 124 గుర్రాల శక్తి. మీది ఒక క్యామ్‌షాఫ్ట్ ఇంజను, 100 గుర్రాలు. రెండూ 1.9 లీటర్లవే, రెంటికీ టైమింగ్ బెల్టు కాదు, చైను. కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. కానీ ఆ చైను బతికేది ఇంజను ఆయిల్ మీదే. ఈ తరం ఇంజన్లు ఆయిల్ తాగుతాయని అందరికీ తెలుసు. పిస్టన్‌లో ఆయిల్ రింగు వెనక నూనె కిందికి జారే దారి చాలదు. అక్కడ మసి పేరుకుని రింగు బిగుసుకుపోతుంది. ఆయిల్ అయిపోతున్నా కింద చుక్క కారదు, పొగ గొట్టంలోంచే పోతుంది. అందుకే చాలామందికి తెలియకుండానే ఇంజను పోయేది. నేను పెట్రోలు కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూసేవాణ్ణి. డిక్కీలో ఎప్పుడూ రెండు ఆయిల్ డబ్బాలు ఉండేవి. 2,14,000 మైళ్ళు నడిపి, నడుస్తున్న బండినే ఇంకొకరికి ఇచ్చాను.

రెండోది, కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) వేడి చెప్పే సెన్సర్. మొదట్లో వచ్చిన దానికి కొన ప్లాస్టిక్‌ది. అది పగిలితే కూలెంట్ వైరు కనెక్టర్‌లోకి ఎక్కి పచ్చగా చిలుం పడుతుంది. ఇంజను చల్లగా ఉందని కంప్యూటర్ పొరబడి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఫ్యాను తిరగాల్సినప్పుడు తిరగదు. ఇత్తడి కొన ఉన్న సెన్సర్ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. కనెక్టర్‌తో సహా మార్చేయండి. ఇంజను చల్లారాకే విప్పండి.

మూడోది ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్నవాళ్ళకి. దీనికి గేరుబాక్సు ఫిల్టరు కూడా బయట మర తిప్పి బిగించేదే, చూడ్డానికి అచ్చం ఇంజను ఆయిల్ ఫిల్టరులా ఉంటుంది. నా బండిని ఒకసారి ఆయిల్ మార్చే దుకాణంలో ఇచ్చి కాఫీకి వెళ్ళాను. వాళ్ళు గేరుబాక్సు నూనె మొత్తం వంపేసి, ఆ ఫిల్టరు మార్చి, ఇంజనులో ఉన్న ఆయిల్ మీదే కొత్త ఆయిల్ నాలుగు క్వార్టులు పోశారు. బండి దుకాణం ముందే ఆగిపోయింది. ఆ రోజు నుంచి నా ఆయిల్ నేనే మార్చుకుంటున్నాను. మీది మాన్యువల్, ఆ గొడవ లేదు.

సీమపెద్దాయన (నాష్‌విల్ దగ్గర) – మార్చి 4, మధ్యాహ్నం 1:40

స్ప్రింగ్ హిల్ మాట వచ్చింది కాబట్టి నేను రాయాల్సిందే. 1989 నుంచి నేను టెనెసీలోనే ఉండాను. అప్పుడు ఆ ఊరు వెయ్యి మంది పైచిలుకు జనమున్న పల్లె. గుర్రాల మేతబీళ్ళు, తెల్ల కంచెలు, గడ్డివాములు. అమెరికాలో చానా రాష్ట్రాలు మాకు కావాలంటే మాకు కావాలని కొట్లాడితే, ఆ ఫ్యాక్టరీ ఆ పల్లెకు వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఫ్యాక్టరీ కనపడకుండా మట్టికట్టలు పోసి చెట్లు నాటినారు. ఇంజను పోత పోసేది, గేరుబాక్సు చేసేది, ప్లాస్టిక్ తలుపులు అచ్చు తీసేది, రంగేసేది, బండి కూర్చేది, అంతా ఆ ఒక్కచోటే.

నాకు నచ్చింది లోపల పద్ధతప్పా. బండితోపాటు మనిషి కూడా కదిలే చెక్క తిన్నె మీద నిలబడి పని చేస్తాడు. బండి వెంట అడుగులేస్తూ వంగాల్సిన పని లేదు. కంపెనీకి, యూనియన్‌కు మామూలుగా ఉండే లావుపాటి ఒప్పందం ఇక్కడ లేదు, కొద్ది పేజీల కాగితం అంతే. జీతంలో ఒక భాగం నాణ్యతకు, శిక్షణకు, ఉత్పత్తికి ముడిపెట్టినారు. లైనులో తప్పు కనపడితే ఆపే హక్కు పనివాడికి ఉండె.

1994 జూన్‌లో కార్లు కొన్నవాళ్ళందరినీ ఫ్యాక్టరీకి రమ్మని పిలిచినారు. 40 వేల మందికి పైగా వచ్చినారు. వేరే వేరే రాష్ట్రాల నంబరు ప్లేట్లతో మైళ్ళ కొద్దీ ఒకటే రకం కార్లు. మా ఇంట్లో దిగిన పిల్లోడు ఒకడు, కడప జిల్లావాడే, అట్లాంటా నుంచి తన బండిలో వచ్చినాడు. లైను మీద పని చేసే ఆమె ఒకామె వాని బండి తలుపు మీద చెయ్యిపెట్టి, "ఇది మా షిఫ్టులోదే అయ్యుండాల" అని మురిసిపోయింది. మా ఊళ్ళో తిరునాళ్ళకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినట్టు ఉండె ఆ రెండు రోజులు. నేను ఆ ఏడే ఒక ఎస్ఎల్2 కొన్నాను. నాష్‌విల్ గణపతి గుడి ముందర నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్నాము.

కాకినాడ_అక్క (ఫీనిక్స్) – మార్చి 4, మధ్యాహ్నం 3:25

కృష్ణఒడ్డు గారూ, మీరు రాసిన ఆ మూడు గంటలు నేనూ కూర్చున్నానండీ. నేను ఒంటరిగా కారు కొనడానికి వెళ్తే "మీ వారు ఎప్పుడొస్తారు?" అని అడిగినవాళ్ళున్నారు. నేనూ చివరికి శాటర్న్ వాళ్ళ దగ్గరే కొన్నాను, 1999 ఎస్‌సి1, రెండు తలుపుల కూపే. దానికి ఎడమవైపు డ్రైవరు తలుపు వెనక ఇంకో చిన్న తలుపు ఉంటుంది. మా బాబుని కారు సీట్లో కూర్చోబెట్టడానికి అది ఎంత ఉపయోగపడిందో మాటల్లో చెప్పలేను.

ఇంకో సంగతి. విద్యుత్తు కార్ల గురించి ఈనాడు అంత మాట్లాడుకుంటున్నాం కదా, 1996 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఈవీ1 అనే విద్యుత్తు కారుని మా ఫీనిక్స్, టూసాన్, లాస్ ఏంజెలెస్, శాండియాగోల్లో శాటర్న్ షోరూముల నుంచే లీజుకిచ్చింది. అమ్మలేదు, లీజే. తర్వాత వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసేశారు. ఆ కారు దగ్గర నిలబడి ప్రశ్నలడిగితే షోరూములో కుర్రాడు అరగంట ఓపిగ్గా చెప్పాడు, నేను కొననని తెలిసి కూడా.

బెజవాడ_వ్యాపారి (డాలస్) – మార్చి 4, సాయంత్రం 5:08

ఒక్క మాట ఒప్పుకోలేకపోతున్నానండి. బేరం లేదంటే చవగ్గా ఇచ్చినట్టు కాదు. ఒక్కో శాటర్న్ షోరూముకి ఒక ప్రాంతం మొత్తం రాసిచ్చారు. పక్కనే ఇంకో శాటర్న్ కొట్టు ఉండదు, ధర తగ్గించి అమ్మాల్సిన అగత్యం లేదు. దాంతో ఒక్కో కారు మీద వాళ్ళకి మిగిలేది బాగానే మిగిలేది. బేరం తెలిసినవాడు అదే డబ్బుతో ఇంకా మంచి బండి తెచ్చుకునేవాడు. వ్యాపారం కళ్ళతో చూడాలి ఇది.

కాకినాడ_అక్క – మార్చి 4, సాయంత్రం 5:31

బేరం తెలిసినవాడు తెచ్చుకునేవాడండీ, నిజమే. తెలియనివాళ్ళ సంగతి? ఇయాన్ అయర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1991లో అచ్చయిన అధ్యయనం కోసం షికాగో చుట్టుపక్కల షోరూములకి మనుషుల్ని పంపాడు. అందరికీ ఒకటే శిక్షణ, ఒకటే మాటలు. అయినా ఆడవాళ్ళకి, నల్లవాళ్ళకి చెప్పిన ధరలు తెల్ల మగవాళ్ళకి చెప్పినవాటికంటే ఎక్కువగా తేలాయి. అంటే బేరంలో మిగిలిన డబ్బు ఎవరో ఒకరి జేబులోంచి వచ్చిందేగా. నేను నాలుగు వందలు ఎక్కువిచ్చానేమో. కానీ నా పక్కవాడూ ఆ నాలుగు వందలు ఇచ్చాడు.

బెజవాడ_వ్యాపారి – మార్చి 4, సాయంత్రం 5:50

అక్కా, ఆ కోణం నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. మొదటి కారు కొన్నప్పుడు మా ఆవిడని బయట కూర్చోబెట్టి నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళిన మాట ఇప్పుడు గుర్తొస్తోంది.

ఓరుగల్లు_పోత (ఫోర్ట్ వేన్, ఇండియానా) – మార్చి 4, రాత్రి 8:20

నేను వరంగల్ ఆర్ఈసీలో మెటలర్జీ చదివి, ఇక్కడ పోత పనిలోనే బతికాను. మీరంతా షోరూము గురించి రాస్తున్నారు. ఇంజను దిమ్మ గురించి ఎవరో ఒకరు రాయాలి.

మన స్థపతులు పంచలోహ విగ్రహం ఎలా పోస్తారో చూశారా? ముందు మైనంతో విగ్రహం చేసి, దాని మీద మట్టి పూసి, కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో లోహం పోస్తారు. శాటర్న్ వాళ్ళు మైనం స్థానంలో థర్మాకోల్ పెట్టారు. ఇంజను దిమ్మ ఆకారాన్ని థర్మాకోల్ ముక్కలుగా అచ్చు తీసి, జిగురుతో అతికించి, పింగాణీ లాంటి పూత పూసి ఆరబెడతారు. దాన్ని డబ్బాలో నిలబెట్టి చుట్టూ పొడి ఇసుక పోసి, కదిపి కదిపి దిగ్గొడతారు. అప్పుడు కరిగిన అల్యూమినియం పోస్తే, లోహం తగిలిన చోటల్లా థర్మాకోల్ ఆవిరైపోతుంది, ఆ చోటు లోహానిదవుతుంది. మైనం ముందే వెళ్ళిపోతుంది, ఇది మాత్రం లోహం వచ్చేదాకా ఉండి దారిస్తుంది. నీళ్ళు తిరిగే సన్న దారుల్లాంటివి ఇందులో తేలిగ్గా వస్తాయి, తర్వాత కోతపని తగ్గుతుంది. ఏ కాస్త తేడా వచ్చినా ఆవిరి లోపలే చిక్కుకుని దిమ్మ గుల్లవుతుంది. అలాంటి పద్ధతిని దిమ్మకి, హెడ్‌కి, క్రాంక్‌షాఫ్ట్‌కి కూడా వాడి, ఏడాదికి లక్షల్లో తీయడానికి తెగించిన ఫ్యాక్టరీ అది.

మీ బానెట్ ఎత్తి దిమ్మ మీద టార్చి వేసి చూడండి. సన్నటి పూసలు పూసలుగా కనిపిస్తుంది. అవి థర్మాకోల్ గింజల గుర్తులు. 1997లో ఎవరో చేసిన ఆ నురగ బొమ్మ ముద్ర ఇంకా అక్కడ ఉంటుంది.

పాలమూరు_పిలగాడు – మార్చి 4, రాత్రి 11:45

డ్యూటీ దిగిన. ఎందుకు పోయింది అన్న మాటకు వస్త.

1994ల శాటర్న్ 2 లక్షల 86 వేల కార్లు అమ్మింది. మళ్ళ ఎన్నడు ఆ అంకె ముట్టలే. అప్పుడు ఇంకో రెండు రకాల కార్లు ఇచ్చి ఉంటె కథ వేరే ఉండు. కొన్నోళ్ళకు పెండ్లిళ్ళయినయ్, పిల్లలు పుట్టిన్రు, పెద్ద కారు కావాలె. వాళ్ళు శాటర్న్ షోరూముకు పోతే అదే చిన్న కారు. జనరల్ మోటార్స్ లోపల మిగతా బ్రాండ్లోళ్ళు "మా పైసలన్ని ఆ ఒక్కదానికే పోసిన్రు" అని గుర్రుగ ఉండిరి. పెద్ద కారు ఎల్-సిరీస్ 2000 మోడల్‌కు గాని రాలే, అది గూడ జనరల్ మోటార్స్ చేతిల అప్పుడున్న జర్మనీ కంపెనీ ఓపెల్ కారును మార్చి డెలవేర్ల చేసింది. దేశమంత ఎస్‌యూవీలు కొంటుంటె శాటర్న్ వ్యూ వచ్చింది 2002 మోడల్‌కు. ఎస్-సిరీస్ (మీ ఎస్ఎల్, ఎస్‌సి బండ్లన్ని అదే) తీసేసి 2003కు అయాన్ తెచ్చిన్రు. 2003 ఆఖరుకు స్ప్రింగ్ హిల్ కార్మికులు కూడ ఆ ప్రత్యేక ఒప్పందం వద్దని ఓటేసి అందరి లెక్క జాతీయ ఒప్పందంలకు పోయిన్రు. నా మటుకు శాటర్న్ అయిపోయింది ఆనాడే. పేరు మిగిలింది.

ఎవరన్న 2003–2007 అయాన్ కొనాలనుకుంటె ఒక్క ముచ్చట యాదికి పెట్టుకోర్రి. 2014ల ఇగ్నిషన్ స్విచ్ (తాళం పెట్టి తిప్పేది) బాగలేదని కంపెనీ వెనక్కి పిలిచిన బండ్లల్ల (రీకాల్) అది ఉన్నది. స్విచ్ మార్చిన్రా లేదా బండి నంబరు పెట్టి చూసుకోకుండ తీస్కోకుర్రి.

ఆఖరి రోజుల కార్లు మంచియే. 2007ల ఆరా ఉత్తర అమెరికాల ఆ ఏటి మేటి కారు అనిపించుకున్నది. కని అప్పటికే పొద్దు గూకింది. 2009ల జనరల్ మోటార్స్ దివాలా. కార్ల షోరూములు నడిపే పెన్స్కీ కంపెనీ జూన్‌ల శాటర్న్‌ను కొంటమన్నది. వేరే కంపెనీ కార్లు చేసిస్తె శాటర్న్ పేరుతోని అమ్మాలె అనుకున్నరు. ఆ కార్లు చెయ్యాల్సిన ఫ్రాన్సు కంపెనీ రెనో బోర్డు ఒప్పుకోలే. సెప్టెంబర్ 30న పెన్స్కీ చేతులెత్తేసింది. అంతే.

సీమపెద్దాయన – మార్చి 5, ఉదయం 7:05

పాలమూరు తమ్ముడు చెప్పింది అంతా నిజమే గానీ, కార్మికుల ఓటు మీద మాత్రం నాదొక మాట. వాళ్ళు మనసు మార్చుకున్నారని అనొద్దు. కొత్త బండ్లు వేరే ఫ్యాక్టరీలకు పోతా ఉంటే, తమ లైను ఖాళీ అయితే ఏం గతి అని భయపడినారు. జాతీయ ఒప్పందంలో ఉంటే వేరే ఫ్యాక్టరీకి మారేదానికన్నా వీలుంటుంది. ఇండ్లు కట్టుకున్నోళ్ళు, బిడ్డల్ని అక్కడి బడుల్లో వేసినోళ్ళు. తప్పు పట్టలేము.

1991లో జరిగింది చెప్తా వినండి. కూలెంట్ సరిగా కలవని డబ్బాలు వచ్చి, దాన్ని నింపిన 1,836 బండ్లలో ఇంజను లోపల తినేస్తుందని తెలిసింది. రేడియేటరు మార్చి పంపలేదు. బండికి బండి మార్చి ఇచ్చినారు. ఆ కాలం నాటి మనుషులు వాళ్ళు. నేను ఇప్పుడూ ఆ ఫ్యాక్టరీ ముందర నుంచి పోతుంటాను. లోపల క్యాడిలాక్‌లు చేస్తాండారు. ఊరి జనం 50 వేలు దాటింది.

గోదారిపిల్ల (క్లీవ్‌లాండ్) – మార్చి 5, ఉదయం 8:30

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. అన్నయ్యా, మీ ఇంటావిడ మాట వినండి.

బండి మీద మీకున్న ప్రేమ చదువుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ కొలంబస్ నుంచి సిన్సినాటికి నూరు మైళ్ళు, అంతా ఐ-71 హైవే మీద, పెద్ద లారీల మధ్య. మీ 1997 బండికి ముందర రెండు ఎయిర్‌బ్యాగులే. పక్క నుంచి గుద్దితే తలకి అడ్డం ఏమీ లేదు. కిటికీ పక్కన తెరచుకునే ఎయిర్‌బ్యాగు శాటర్న్ ఎస్-సిరీస్‌కి 2001లో గానీ రాలేదు, అదీ అదనపు డబ్బు కడితేనే. మంచు మీద బండి జారితే నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి ఈ దేశంలో ప్రతి కారుకీ తప్పనిసరి. కొత్తగా నడిపే పిల్లకి అది ఎంత అవసరమో నేను వార్డులో చూస్తాను. మీరు ఆ బండిలో పాతికేళ్ళు క్షేమంగా తిరిగారంటే మీకు చేయి తిరిగింది కాబట్టి. పాపకి ఇంకా తిరగలేదు.

ఇంకోటి, ప్లాస్టిక్ తలుపులు తుప్పు పట్టవు, నిజమే. మా ఒహాయో ఉప్పుకి కింద ఇనుము ఊరుకుంటుందా? బ్రేకు గొట్టాలు, సబ్‌ఫ్రేము (ఇంజనుని మోసే ఇనప చట్రం) ఒకసారి లిఫ్టు మీద పెట్టించి చూడండి. పైకి నవనవలాడుతూ కిందంతా పొట్టు రాలుతున్న శాటర్న్‌లు నేను చూశాను.

నల్లమల – మార్చి 5, ఉదయం 9:12

చెల్లి చెప్పినదానికి ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. అమ్మాయికి ఇవ్వకండి. అమ్మకండి కూడా. గుద్దితే సొట్టపడని ఆ ప్లాస్టిక్ పలకలు బోల్టులతో బిగించినవే కాబట్టి తుక్కు యార్డులో దొరికితే ఒక సాయంత్రంలో మార్చుకోవచ్చు. కానీ ఆ యార్డుల్లో శాటర్న్‌లు ఏటేటా తగ్గుతున్నాయి. ఉప్పు తగలని దక్షిణాది యార్డులు నాకు తెలుసు, పచ్చ రంగు పలకలు కనిపిస్తే చెప్తాను.

హరికేన్_హరి (హ్యూస్టన్) – మార్చి 5, మధ్యాహ్నం 12:00

నా దగ్గర 2007 స్కై రెడ్ లైన్ ఉంది. రెండు లీటర్ల టర్బో, 260 గుర్రాలు, రెండే సీట్లు. చివరి రోజుల శాటర్న్‌కి బేరం లేని పద్ధతి తప్ప మీరు చెప్పే పాత గుణాలేవీ మిగల్లేదేమో, నాకు తెలియదు. కానీ ఆదివారం తెల్లవారుజామున పైకప్పు తీసి గాల్వెస్టన్ వంతెన మీద వెళ్తుంటే ఆ గుర్తు నా ముందు ఉండటం నాకు గర్వంగానే ఉంటుంది. మీ పచ్చ బండి ఫోటో పెట్టండి సార్.

కృష్ణఒడ్డు – మార్చి 9, రాత్రి 9:40

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాలుగు రోజులు జవాబు రాయలేదు, బండి కిందే ఉన్నాను.

శనివారం తెలిసినవాళ్ళ లిఫ్టు మీద ఎక్కించాం. సబ్‌ఫ్రేము గట్టిగానే ఉంది. వెనక బ్రేకు గొట్టం ఒకటి తుప్పుతో పొరలు లేచింది, మార్పించాను. గోదారిపిల్ల చెల్లెమ్మా, నువ్వు రాయకపోతే చూసేవాణ్ణి కాదు. కూలెంట్ సెన్సర్ విప్పితే ప్లాస్టిక్ కొనే ఉంది, కనెక్టర్‌లో సన్నగా పచ్చ చిలుం మొదలైంది. ఇత్తడిది తెప్పించి వేశాను. డిప్‌స్టిక్ తీస్తే అర క్వార్టు తక్కువుంది, పోశాను.

అమ్మాయికి మీరంతా రాసింది చదివి వినిపించాను. నర్సు అత్త మాటకి కాసేపు మూతి ముడుచుకుంది, తర్వాత ఒప్పుకుంది. సిన్సినాటికి వాళ్ళమ్మ 2016 కారు తీసుకెళ్తుంది. పక్కవీధి ఆయనకి అమ్మనని చెప్పేశాను. ఆగస్టులోపు ఆదివారాలు ఖాళీ స్కూలు పార్కింగులో పచ్చ బండి మీద క్లచ్చు నేర్పుతానన్నాను. ఇవాళ మొదటి పాఠం. పదకొండుసార్లు ఆగింది, పన్నెండోసారి కదిలింది.

ఓరుగల్లు గారూ, ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి టార్చి వేశాం. పూసలు కనిపించాయి. అమ్మాయి వేలితో తడిమి చూసి, వెంటనే ఫోటో తీసి ఊళ్ళో తాతయ్యకి పంపింది.